ఎర్ర ఫ్రేములు సగం ధరకే

కాఫీ షాపులో ఏజెంటు గుండెలోకి బుల్లెట్ దిగేసరికి, అతన్ని కాపాడవలసిన మెయిల్ అతని ఫోన్‌లోనే ఉంది. స్పామ్ ఫోల్డర్‌లో.

"ఎర్ర ఫ్రేములు సగం ధరకే!" అన్నదే ఆ మెయిల్. కళ్లజోళ్ల కంపెనీ పేరుతో గూఢచారి డిపార్ట్‌మెంట్ తన ఏజెంట్లకి పంపే కోడ్. ఉన్నపళంగా పారిపొమ్మని అర్థం. అది చేరవలసిన చోటికి చేరలేదు, మనిషి పోయాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం చీఫ్ గదిలో మౌని నిలబడి ఉన్నాడు. మాటల విషయంలో పరమ పిసినారి అని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

"తర్వాతి టార్గెట్ మీ చెల్లెలు," అన్నాడు చీఫ్. "ఆరింటికి రైలు దిగుతుంది. ప్లాట్‌ఫామ్ మీద హంతకుడు రెడీగా ఉంటాడు."

"ఫోన్?"

"ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల నంబర్ మనకే తెలియకూడదని రూల్. పెట్టింది నువ్వే."

"మెయిల్?"

"పంపాం. అదీ స్పామ్‌లోనే పడుంటుంది. మన మెయిల్స్‌ని అక్కడికి తోస్తున్నదెవరో తేల్చు. వెళ్లు."

ఏసీ మెకానిక్ వేషంలో మౌని, డిపార్ట్‌మెంట్ ముసుగుగా నడిపే ఆ కళ్లజోళ్ల కంపెనీలోకి దూరాడు. మార్కెటింగ్ హెడ్ గదిలో సెంటు వాసన గుప్పుమంది. అందరూ మేడం అని పిలిచే ఆవిడ డిపార్ట్‌మెంట్ మనిషే. జీతం వీళ్ల దగ్గర, బోనస్ శత్రువుల దగ్గర. అంత అందమైన ముఖాన్ని ఎవరూ అనుమానించలేదు, అంతే.

ఆమె స్క్రీన్ మీద లక్షల కొద్దీ అడ్రస్‌లు. కంపెనీ పేరు కూడా వినని జనానికి రాత్రింబవళ్లు ప్రకటనలు పోతూనే ఉన్నాయి.

మౌని పెన్ను తీసి ఆమె కణతకి ఆనించాడు. ఆ పెన్ను రాయదు, పేలుతుంది.

"నేను వైర్లు కోయలేదు, కోడ్ పగలగొట్టలేదు," అంది మేడం తొణక్కుండా. "మీ పరువు తీశానంతే. విసిగిపోయిన జనం స్పామ్ అని నొక్కారు. మెషీన్ నమ్మేసింది."

"సరిచెయ్యి."

"పోయిన పేరు సాయంత్రానికల్లా తిరిగొస్తుందా? వారాలు పడుతుంది. అదీ, అవతలివాళ్లు తెరిచి చదవాలి, జవాబివ్వాలి. మీ ఏజెంట్లు ఇస్తారా? ఇవ్వకూడదని నేర్పింది మీరేగా!" నవ్వింది. "మనం ఎవరికి రాస్తామో వాళ్ల మెయిలే నేరుగా లోపలికొస్తుంది. మీ చెల్లెలు రాసేది ఒక్కడికే. ఫీల్డ్‌కి వెళ్లకముందు నా పక్క సీట్లోనే కూర్చుని రాసేది, పాపం. పలకని అన్నయ్యకి."

మౌని తల అడ్డంగా ఊపాడు. "అది రాయడం మానేసి ఏళ్లయింది."

"మానేసిందా? నీ స్పామ్ ఎప్పుడైనా చూసుకున్నావా?"

అన్నాక మేడం నవ్వు ఆగిపోయింది. నోరు జారానని ఆమెకి అప్పుడు తెలిసింది.

వద్దంటే వినకుండా చెల్లెలు డిపార్ట్‌మెంట్‌లో చేరిన రోజు, కోపంలో మౌని ఆమె మెయిల్ మీద స్పామ్ బటన్ నొక్కాడు. నొక్కి మర్చిపోయాడు. ఇప్పుడు ఆ ఫోల్డర్ తెరిచాడు. ఆమె దగ్గర్నుంచి ఒక్కటే మెయిల్, పోయిన వారానిది.

"అన్నయ్యా, నువ్వు బాగున్నావని ఒక్క ముక్క రాయి, చాలు. ఇక విసిగించనులే."

అంతకుముందువన్నీ నెలనెలా మెషీనే ఊడ్చి పారేసింది. ఎన్ని రాసిందో ఇక ఎవరికీ తెలియదు. సిగ్గుతో అతని తల వాలిపోయింది. కానీ ఏడవడానికి టైం లేదు. జవాబు కొట్టాడు.

"ఎర్ర ఫ్రేములు సగం ధరకే. ప్లాట్‌ఫామ్ వైపు దిగకు. అన్నయ్య."

సెక్యూరిటీ వచ్చి మేడం చేతులకి బేడీలు వేస్తున్నా అతను గడియారం మీంచి కళ్లు తిప్పలేదు. ఆరు దాటాక చీఫ్ ఫోన్ చేశాడు.

"రైలు ఆగుతుండగా అవతలి వైపు దూకేసింది. హంతకుడు మన చేతికి చిక్కాడు. శభాష్!"

మౌని ఫోన్ పెట్టేశాడు. ఇన్‌బాక్స్ చూశాడు, ఖాళీ. అప్పట్లో తను నొక్కిన బటన్ గుర్తొచ్చి స్పామ్ చూశాడు. ఉంది.

"అందింది. క్షేమం. రూల్ ప్రకారం ఈ అడ్రస్ ఇవాళ్టితో మూసేస్తున్నాను. మీరూ రాయకండి."

అన్నయ్యా అని లేదు. మీరు అని ఉంది.

మౌని 'ఇది స్పామ్ కాదు' అన్న బటన్ నొక్కాడు. ఈవిడ రాసే మెయిల్స్ అన్నీ ఇకపై నేరుగా ఇన్‌బాక్స్‌కే వస్తాయని మెషీన్ ఎంతో మర్యాదగా హామీ ఇచ్చింది.