క్వాలిస్ ఫల్గుణ

శుక్రవారం పొద్దున్న ఏడయ్యేసరికి కొండగుడ ఊరి మీద మంచు విడిపోయింది. ఫల్గుణ బండి బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్లను బయటికి లాగి, గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచాడు. పుల్లకు అంటిన నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసుకున్నాడు.

"పుల్ల మీద గీత చూస్తే సరిపోద్ది గదా అయ్యా, వేళ్ళతో ఏటి సూత్తన్నావు?" అంది స్వర్ణ, అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగుతూ.

"గీతలు మీ సర్వీసు సెంటర్లో సూసుకోండి. నాకు ముట్టుకుంటే తెలిసిపోద్ది."

స్వర్ణ నవ్వింది. ఆమె ఆటోమొబైల్ డిప్లొమా చేసి, విశాఖపట్నంలో టొయోటా కార్ల సర్వీసు సెంటర్లో పనిచేస్తోంది. నాలుగు నెలల తర్వాత సెలవు మీద ఇంటికి వచ్చింది. ఆ చదువు ఎంచుకోవడానికి కారణం ఎదురుగా ఉన్న ఆ తెల్లటి క్వాలిసే.

ఫల్గుణ వయసులో ఉన్నప్పుడు జీపు మీద క్లీనరుగా పనిచేసేవాడు. ఘాటీ ఎక్కుతుంటే జీపు వేడెక్కి ఆగిపోయేది. అతను బకెట్ పట్టుకుని గెడ్డలోకి దిగి నీళ్ళు తెచ్చేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే విశాఖ నుంచి అరకు చూడటానికి వచ్చేవాళ్ళ క్వాలిస్‌లు మొదలయ్యాయి. పది మందిని ఎక్కించుకుని, పొగ కక్కకుండా, ఎక్కడా ఆగకుండా అవి పైకి వెళ్ళిపోతుంటే ఫల్గుణ బకెట్ పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయేవాడు. టొయోటా అనే జపాన్ కంపెనీ మన దేశంలో అమ్మిన మొదటి బండి అదేనని ఎవరో చెప్పారు. అయిదారేళ్ళకే కంపెనీ దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చింది. అయినా కొండల్లో క్వాలిస్‌కి ఉన్న పేరు పోలేదు. పదహారేళ్ళ కిందట అరకులో గోపాలకృష్ణ అనే కిరాణా వ్యాపారి తన పాత క్వాలిస్ అమ్ముతున్నాడని తెలిసి, ఫల్గుణ పరుగెత్తుకు వెళ్ళి కొనుక్కున్నాడు. అప్పటినుంచి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అతను క్వాలిస్ ఫల్గుణ అయిపోయాడు.

ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎక్కుతున్నారు. అరకు సంతకు అల్లం తీసుకెళ్ళే ముసలి యర్రమ్మ వెనక సీట్లో చేరింది. వరసకు ఫల్గుణకు మేనకోడలయ్యే చిన్నమ్మి తన ఏడాది పిల్లవాడిని ఎత్తుకుని మధ్య సీట్లో కూర్చుంది. ఆమె పక్కన స్వర్ణ కూర్చుంది. ఫల్గుణ భార్య సోములమ్మ చీర కొంగు దోపుకుని వచ్చి, ముందు సీట్లో భర్త పక్కన సర్దుకుంది.

"అమ్మా, నువ్వు కూడా సంతకేనా? ఏటి కొంటావు?" అని అడిగింది స్వర్ణ.

"ఏదో ఒకటి," అంది సోములమ్మ ముక్తసరిగా.

బండి కదిలింది. పదినిమిషాలు గడిచేసరికి స్వర్ణ ఒక సంగతి గమనించింది. తల్లి మాట్లాడుతూనే ఉంది. గట్టిగా కాదు, గొణుగుతున్నట్టు.

"మలుపొచ్చింది... కుడిపక్కకి గొయ్యి... గొర్రెలున్నాయి, నిమ్మళంగా... లారీ, లారీ, పక్కకి తీసీ..."

ఫల్గుణ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. స్వర్ణకు తెలిసిన తండ్రి, స్టీరింగ్ పట్టుకున్నాక పక్కవాడు దగ్గినా చిరాకుపడేవాడు.

"ఏటమ్మా, అయ్యకి నువ్వు డ్రైవింగ్ నేర్పుతున్నావా?" అని నవ్వింది స్వర్ణ.

బండిలో ఎవరూ నవ్వలేదు. సోములమ్మ కూతురికి జవాబు చెప్పడానికి వెనక్కి తిరిగింది. అదే క్షణంలో కుడివైపు కాఫీ తోటలోంచి ఒక మోటారు సైకిల్ రోడ్డు మీదికి వచ్చింది. దాన్ని స్వర్ణ చూసింది. చిన్నమ్మి చూసింది. ఫల్గుణ మాత్రం బండిని సూటిగా దానిమీదికే పోనిస్తున్నాడు.

"అయ్యా! బ్రేకు!"

బండి కీచుమంటూ ఆగింది. మోటారు సైకిల్ మనిషి పక్కనున్న బురదలోకి జారి, పడబోయి నిలదొక్కుకున్నాడు. బూతులు తిడుతూ బండి సరిచేసుకుంటున్నాడు. చిన్నమ్మి పిల్లవాడు స్వర్ణ ఒళ్ళోకి పడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఫల్గుణ ఆ మనిషికి క్షమాపణ చెబుతున్నాడు. కానీ అతని మొహం మనిషి ఉన్న వైపుకు లేదు. రోడ్డు అవతల ఎవరూ లేని చోటుకు తిరిగి, "తప్పయిపోయింది బాబూ," అంటున్నాడు.

స్వర్ణ తండ్రి మొహం వైపే చూస్తూ పిల్లవాడిని చిన్నమ్మికి అందించింది.

సంతలో బండి ఆపాక ఆమె తండ్రికి టీ తెచ్చింది. కుడివైపు నుంచి వెళ్ళి, మాట్లాడకుండా గ్లాసు అతని ముందుకు చాపింది. జానెడు దూరంలో ఉన్న గ్లాసును ఫల్గుణ అందుకోలేదు. సంత గోలలోకి చూస్తూ కూర్చున్నాడు. గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. స్వర్ణ అటు తిరిగి ఎడమవైపు నుంచి ఇచ్చింది. "తెచ్చీసేవా?" అంటూ తీసుకున్నాడు.

అతను టీ తాగుతుండగా ఆమె బండి తాళం తీసి తన దగ్గర పెట్టుకుంది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి అందరూ చేరాక, "అయ్యకి తల తిరుగుతోంది. బండి నేను నడుపుతాను," అని చెప్పి డ్రైవర్ సీట్లో కూర్చుంది. పదిమంది ముందు గొడవ ఇష్టంలేక ఫల్గుణ పళ్ళు బిగించి పక్క సీట్లోకి ఎక్కాడు. సోములమ్మ వెనక్కి వెళ్ళింది.

ఇంటికి రాగానే ఫల్గుణ చెయ్యి చాపాడు. "తాళం ఇలగియ్యి."

"ఇవ్వను. ఎన్నాళ్ళయింది కన్ను కనబడక?"

"ఎవరికే కనబడందీ?"

"కుడిపక్కన గ్లాసు పెడితే నీకు తెలీలేదయ్యా! అమ్మా, నువ్వు చెప్పు. సంతకి ఏటి కొనడానికి ఎల్తన్నావు? వట్టి చేతులతో ఎల్లి వట్టి చేతులతో వచ్చేవు గదా ఇవాళ!"

సోములమ్మ గడప మీద కూలబడింది. "నిరుడు ఎండాకాలంలో కళ్ళ డాక్టర్లొచ్చారు. నీటికాసులన్నారు, కంట్లో ఒత్తిడి పెరిగిపోయిందంట. కుడికన్ను పోయింది, ఇంక రాదు. ఎడమది మజ్జిన కొంచెం కనిపిస్తంది. మందేసుకుంటే అదైనా నిలబడతాదన్నారు. బండి మాత్రం నడపొద్దన్నారు."

"ఏడాదా! నాలుగు నెలల కిందట నేనొచ్చినప్పుడు కూడా దాచారా?" అంది స్వర్ణ. "ఏడాదిగా ఊళ్ళోవాళ్ళని ఆ కొండ దారమ్మట తిప్పుతున్నారా? నువ్వు పక్కన కూకుని సెప్తుంటే?"

"ఏటయిందిప్పుడు?" అని అరిచాడు ఫల్గుణ. "పదహారేళ్ళు! ఈ బండి దారిలో ఆగిందా ఒక్కనాడు? టొయోటా బండి, ఫల్గుణ చెయ్యి అని జనం ధైర్యంగా ఎక్కుతారు. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా నా ఇంటికే పరుగెత్తుకొస్తారు. అది పోతే నానెవుణ్ణే? ఇంటి ముందు కూకునే గుడ్డోణ్ణి!"

స్వర్ణ నెమ్మదిగా అంది. "టొయోటా కంపెనీకి ఆ మంచి పేరు ఎలాగొచ్చిందో తెలుసా అయ్యా? ఉద్యోగంలో చేరినప్పుడు మాకు చెప్పారు. వాళ్ళు ముందు కార్లు చెయ్యలేదు. మగ్గాలు చేసేవారు. అందరి మగ్గాలూ దారం తెగినా నేస్తూనే ఉండేవి, గుడ్డంతా పాడైపోయేది. వీళ్ళ మగ్గం దారం తెగితే దానంతటదే ఆగిపోయేది. జనం దాన్ని నమ్మింది అందుకే. తర్వాత ఆ మగ్గం చేసినాయన కొడుకు కార్లు మొదలుపెట్టాడు. ఇప్పటికీ వాళ్ళ ఫ్యాక్టరీలో తప్పు కనబడితే చిన్న పనివాడైనా తాడు లాగి పనంతా ఆపొచ్చట. ఆగకుండా పోవడం వల్ల వచ్చిన పేరు కాదయ్యా అది. ఆగాల్సినప్పుడు ఆగడం వల్ల వచ్చింది."

"అంటే నాను తెగిన దారాన్నా?"

"దారం తెగడం నీ తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు. చిన్నమ్మి గుంటడు ఇవాళ నా ఒళ్ళో పడ్డాడు, తెలుసా?"

సోములమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఆయన్నే అనకు. నాను కూడా ఆపొచ్చు. ఆపలేదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పదహారేళ్ళలో నన్ను ఆ ముందు సీట్లో ఒక్కనాడు కూకోబెట్టలేదు. కళ్ళు పోయాకే రమ్మన్నాడు. ఈ ఏడాదే నా మాట ఇన్నాడు. నాను మలుపంటే తిప్పేవాడు, ఆపమంటే ఆపేవాడు. అది నాకు బాగుండేది. పాపం ఎక్కినోళ్ళని మరిసిపోయేను."

ఫల్గుణ భార్య వైపు తల తిప్పాడు. ఆమె మొహం కనబడడానికి మెడను పక్కకు వంచి, మిగిలిన ఆ కాస్త చూపులోకి ఆమెను తెచ్చుకున్నాడు. తర్వాత దొడ్లోకి వెళ్ళిపోయాడు.

స్వర్ణకు అప్పుడు ఏడుపొచ్చింది. విశాఖ నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. బండి ఎలా ఉంది, క్లచ్ పట్టుతోందా, గేర్ ఆయిల్ మార్చావా అని అడిగేది. తండ్రి ఉత్సాహంగా చెప్పేవాడు. నువ్వెలా ఉన్నావని ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి అడిగినట్టు ఆమెకు గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి ఫల్గుణ ఇంట్లో లేడు. బండి ఇంటి ముందే ఉంది. తల్లీ కూతుళ్ళు కంగారుగా రోడ్డు వైపు పరుగెత్తారు. అరకు వెళ్ళేవాళ్ళు రోజూ బండి కోసం నిలబడే చోట ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళ మధ్య ఫల్గుణ చేతిలో కర్రతో నిలబడి ఉన్నాడు.

"ఇవాళ బండి లేదు," అంటున్నాడు. "రేపు కూడా లేదు. నాకు కుడికన్ను కనబడదు. ఎడమది కూడా సగమే. ఏడాదయింది. మీకు సెప్పకుండా నడిపీసినాను. నిన్న మోటారు సైకిల్ని సూడలేదు. తప్పు చేసేను."

చిన్నమ్మి పిల్లవాడిని చంకలో బిగించుకుని ముందుకొచ్చింది.

"నా గుంటడికి జొరమొచ్చినప్పుడల్లా నీ బండిలోనే తీసుకెల్లేను. నువ్వున్నావని నాకు బెంగుండేది కాదు. నీకు కనబడదని తెలిసి కూడా ఎక్కించుకున్నావా?"

ఫల్గుణ తల దించుకున్నాడు. ఆమె ఊళ్ళోకి తిరిగి వెళ్ళిపోయింది.

"నాకు తెలుసురా," అంది యర్రమ్మ నెమ్మదిగా. "సోములమ్మ గొంతు వెనకదాకా వినబడేది."

స్వర్ణ నిర్ఘాంతపోయింది. "తెలిసి ఎందుకెక్కావు అవ్వా?"

"ఇంకో బండి ఏదే తల్లీ?" అంది యర్రమ్మ. నిన్న అమ్ముడుపోని అల్లం బుట్ట నెత్తికెత్తుకుని, నడక మొదలుపెట్టింది. ఆమె వెనక మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే నడిచారు.

అందరూ వెళ్ళాక ఫల్గుణ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. స్వర్ణ అతని ఎడమవైపు కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"కంట్లో మందు ఏసుకున్నావా అయ్యా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "మీ అమ్మ ఏత్తాది."

అతను కళ్ళు తుడుచుకుని రోడ్డు వైపు తిరిగాడు. "జనం నడిచెల్తన్నారే. ఆ ముసిల్దాయి అంత దూరం నడుత్తాది." కర్రతో నేల మీద గీస్తూ అన్నాడు. "దారి మొత్తం మీ అమ్మకి నోటికొచ్చు. ఎక్కడ గొయ్యుందో, ఎక్కడ నిమ్మళించాలో నాకంటే బాగా తెలుసు. బండి నడపడం అమ్మకి నేర్పు."

"నాకా!" అంది సోములమ్మ వెనకనుంచి. "యాభైయ్యేళ్ళొచ్చి నాను స్టీరింగ్ పట్టుకోడమేటి! జనం నవ్వరా?"

"నవ్వనీ," అన్నాడు ఫల్గుణ.

స్వర్ణ సెలవు పొడిగించింది. ఊరి బడి వెనక మైదానంలో తల్లికి స్టీరింగ్ నేర్పింది. క్లచ్ వదలడం సోములమ్మకు పట్టుబడలేదు. బండి గెంతి ఆగిపోయిన ప్రతిసారీ దిగిపోతానని ఏడ్చింది. మైదానం చివర నిలబడిన ఫల్గుణ ఇంజన్ చప్పుడు విని, "రేజ్ ఇచ్చి అప్పుడొగ్గు! బేగి ఒగ్గకు!" అని కేకలేసేవాడు. వారానికి బండి సాఫీగా కదిలింది. స్వర్ణ విశాఖ వెళ్ళిపోయింది కానీ ఆదివారాలు వచ్చి తల్లిని ఖాళీ బండితో ఘాటీ ఎక్కించింది, దించింది. ఆ నెలల్లో ఊరివాళ్ళు నడిచారు, లేదా దారిన పోయే లారీలు ఆపుకున్నారు. సోములమ్మ మొదటి పరీక్ష తప్పింది. రెండోసారి లైసెన్స్ వచ్చింది.

జనాన్ని ఎక్కించుకునే మొదటి రోజు ఫల్గుణ బండిలో ఎక్కలేదు. రోడ్డు పక్కన నిలబడి ఎక్కేవాళ్ళకు తలుపు పట్టుకున్నాడు. యర్రమ్మ ఎక్కింది. మరో నలుగురు ఎక్కారు. చివర్లో ఎవరో వచ్చి అతని ముందు ఆగారు. చంకలో పిల్లవాడు ఏదో వాగుతున్నాడు. ఫల్గుణ ఆ గొంతు గుర్తుపట్టి బిగుసుకుపోయాడు. ఆ శనివారం తర్వాత చిన్నమ్మి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆమె డ్రైవర్ సీట్లో ఉన్న సోములమ్మను చూసింది. తర్వాత ఫల్గుణను చూసింది. పిల్లవాడిని చంకలోంచి దించి అతని చేతుల్లో పెట్టింది.

"వీణ్ణి కాసేపు పట్టుకో మావా," అంది. "నాను ఎక్కి కూకున్నాక ఇద్దువు."