చెవి దగ్గరి మాట

వలసొచ్చిన నేత కార్మికులుండే భేస్తాన్‌లోని ఆ ఇరుకు గల్లీలో నీళ్ల బిందెల గొడవ అప్పుడే సద్దుమణిగింది. రాత్రి పాళీ దిగిన సదానందం చాయ్ గ్లాసుతో ఇంట్లోకి వచ్చాడు. బతుకంతా మిల్లులో మరమగ్గాల మధ్యే, ఆ సాంచాల మధ్యే గడిపిన మనిషి. ఆ మోతలో మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. ఆ అలవాటు ఇంటికీ పాకింది. కూరలో ఉప్పు తక్కువైందన్నా భార్య చెవిలోనే చెబుతాడు, అదీ అరిచినట్టు. "ఊరందరికీ ఇనబడే గుట్టు" అని వినోద ఎగతాళి చేస్తుంది.

కూతురు నవత అద్దం ముందు జడ వేసుకుంటోంది. సదానందం వెనక చేరి, చెవి దగ్గర వంగి, "చాయ్ తాగినవా బిడ్డా?" అన్నాడు.

నవత కెవ్వుమంది. దువ్వెన ఎగిరిపడింది. రెండు చెవులూ మూసుకుని గోడకు అతుక్కుపోయింది. వచ్చింది తండ్రేనని చూశాక కూడా ఆ కళ్లలో భయం పోలేదు.

"ఏందే గది, గాలి సోకినట్టు?" వినోద పొయ్యి దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చింది.

"నేనియ్యాల డ్యూటీకి పోనవ్వా."

పల్సానాలోని చీరల కంపెనీలో ఆ ఉద్యోగం సదానందమే అడిగి పెట్టించాడు. మేనేజర్ ఉమాకాంత్ తమ కులపోడు, ఊరివాడు, కనబడితే "అన్నా" అని పలకరించే మనిషి.

"ఉమాకాంత్ సార్ ఎన్కనుంచి వస్తడు బాపూ. కుర్చీ మీదికి వంగి చెవుల మాట్లాడుతడు."

సదానందం ఊపిరి పీల్చుకున్నాడు. "గంతేనా? మిల్లులోళ్లు చెవుల చెప్పక ఎట్ల చెప్తరే? నేను చెప్తలేనా? ఆయన మనోడు. నువ్వే జర తప్పుగ అనుకున్నవ్."

నవత చెవుల మీది చేతులు దించింది.

"బాపూ, నేను కూసునేది కంప్యూటర్ రూముల. ఆడ సాంచాలు లేవు."

ఏసీ గది. తలుపులు మూస్తే బయటి మోత సోకని గది. అక్కడ చెవిదాకా వంగాల్సిన పనేముంది?

"ఏమంటడు?" అన్నాడు సదానందం.

"నీకు చెప్పే మాటలు గావు. ఇంటికొచ్చినా ఆ ఊపిరి ఈడ్నే ఉంటది, బాపూ. చెవి ఎంత కడిగినా పోదు. వద్దని మొఖం మీదనే చెప్పిన. నవ్విండు. మీ బాపు నా మాటనే నమ్ముతడు, నీది నమ్మడు అన్నడు."

ఆ చివరి మాటకు సదానందం కూలబడ్డాడు. వాడు చెప్పినట్టే చేశాడు తను.

"మెల్లగనే! గోడకవతల బుచ్చవ్వ ఇంటది. లగ్గం కావాల్సిన పిల్లవు, నౌకరి ఇడిచిపెట్టు, పీడ పోతది," అంది వినోద.

"ఇడిస్తే ఆ కుర్చీల ఇంకో పిల్ల కూసుంటది. కంపెనీల ఇసొంటియి ఇనే కమిటీ ఉన్నదట, ఫిర్యాదు రాసియ్యమని నాతోని పనిజేసే సంధ్యక్క చెప్పింది. కానీ బాపే నమ్మకుంటే కమిటీ ఎట్ల నమ్ముతదవ్వా?"

సదానందం లేచాడు. అలవాటుగా కూతురి చెవి వైపు వంగబోయి చటుక్కున ఆగిపోయాడు. తన బిడ్డ చెవిలో మాట చెప్పుకునే చోటు కూడా వాడు లేకుండా చేశాడు. వెనక్కి జరిగి, ఆమెకు ఎదురుగా, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నవతా!" గల్లీ అంతా మారుమోగింది. "తప్పు వాడు చేసిండు. నువ్వు చెయ్యలే. నిన్ను నమ్మక నేను చేసిన. ఫిర్యాదు రాయి బిడ్డా, నేను గుడ వస్త!"

"ఏమయ్యా, అందరు ఇంటున్నరు!"

"ఇననియ్యే!"

పక్కింటి తలుపు తెరుచుకుంది. బుచ్చవ్వ తొంగిచూసింది. సదానందం కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

నవత మెల్లగా నడిచి అతని దగ్గరికొచ్చింది. మునివేళ్ల మీద లేచి, తండ్రి చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఇంకా తాగలే బాపూ," అంది. "చాయ్."