తోమిన నాణేలు

"ఇవి ఎవరు తోమారు?"

ఇంట్లోకి వచ్చి చేతిసంచి కింద పెట్టకముందే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది.

అతను గర్వంగా నవ్వాడు. మూడు రోజులుగా ఈ ప్రశ్న కోసమే కదా ఎదురుచూస్తున్నాడు! "నేనేనండీ. ఒక్కడినే కూర్చుని తోమాను. ఇత్తడి పాలిష్, పాత టూత్‌బ్రష్. మొత్తం నలభై రెండు."

బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి నాణేలన్నీ వరసగా పేర్చి ఉంచాడు. కిటికీలోంచి పడ్డ ఎండకి అవి తళతళలాడుతున్నాయి. ఆ అమ్మాయి ఒకదాన్ని అంచులు పట్టుకుని పైకెత్తి చూసింది. ఇంకోటి చూసింది. మూడోది చూడకుండానే పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"మంచినీళ్ళు కావాలా అండీ?" అన్నాడు కంగారుగా.

"ఎందుకు తోమారు?"

"నల్లగా ఉన్నాయని."

"మీ తాతయ్యగారి మొహం మీద ముడతలున్నాయి కదా. ఇస్త్రీ చేసేస్తారా?"

అతను తళతళలాడే నాణేల వంక చూశాడు.

"నాణెం మీద పట్టే రంగు మురికి కాదండీ. అది దాని వయసు. అలా రావడానికి వందేళ్ళు పడుతుంది. పోగొట్టడానికి మీకెంతసేపు పట్టింది?"

"ఒక్కోదానికి పది నిమిషాలు..."

"శభాష్!" అంది. ఆ శభాష్ చెంపదెబ్బలా తగిలింది.

ఆ అమ్మాయి మ్యూజియాల ఆఫీసు నుంచి వచ్చింది. తాతయ్య నాణేలన్నిటికీ జాబితా తయారుచెయ్యడం ఆమె పని. వచ్చిన వారానికే ఇంట్లో అందరూ ఆమెను 'జాబితా అమ్మాయి' అనడం మొదలుపెట్టారు.

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. ముప్ఫై నాలుగేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేశాడు. రేవు ఉన్న ఊరు కాబట్టి ఎక్కడెక్కడి మనుషులో ఆ బస్సులెక్కేవాళ్ళు. చెల్లనివి, అరిగిపోయినవి, చిల్లు పడ్డవి, పరాయి దేశాల నాణేలు తాతయ్య చేతిలో పెట్టి దిగిపోయేవాళ్ళు. మిగతా కండక్టర్లు నాలుగు తిట్లు తిట్టి వెనక్కిచ్చేవాళ్ళు. తాతయ్య మాత్రం టికెట్టు డబ్బులు తన జేబులోంచి వేసి, నాణేన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. ఏ రోజు, ఏ రూటులో, ఎలాంటి మనిషి ఇచ్చాడో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. అలా నాలుగు వేల పైచిలుకు పోగయ్యాయి. ముందు ఇరుగుపొరుగు వచ్చి చూసేవారు. తర్వాత బళ్ళోంచి పంతులమ్మలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. ముందుగది చాలక మెట్ల మీద వరస కట్టేవారు.

చివరికి తాతయ్య అవన్నీ ఊరికే ఇచ్చేస్తానని మునిసిపాలిటీకి ఉత్తరం రాశాడు. ఒకటే షరతు. చూడ్డానికి టికెట్టు పెట్టకూడదు. "జీవితమంతా టికెట్లే కొట్టాను, ఇక చాలు," అన్నాడు. వాళ్ళు పాత బస్టాండులోని టికెట్ల హాలును మ్యూజియం చెయ్యడానికి ఒప్పుకున్నారు.

సరిగ్గా అప్పుడే తాతయ్యకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కొత్త కళ్ళజోడు వచ్చేదాకా అన్నీ మసకే. అమ్మా అతనూ కలిసి కళ్ళజోళ్ళ షాపు నడుపుతారు కాబట్టి ఆ కళ్ళజోడు చెయ్యాల్సింది అతనే. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసేసరికి నాణేలు మెరిసిపోవాలని అతని ఆశ.

ఇప్పుడా ఆశ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. ఎందుకంటే ఆ నలభై రెండింటిలో అమ్మమ్మ నాణెం కూడా ఉంది.

అప్పటికామె ఎవరి అమ్మమ్మా కాదు. ఏడో నంబరు బస్సులో కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్ళే అమ్మాయి. ఒకరోజు చూసుకోకుండా చెల్లని రాగి నాణెం ఇచ్చింది. దాని మీద లీలగా ఒక పడవ బొమ్మ. మర్నాడు సరైన డబ్బులు తెచ్చి నాణెం వెనక్కిమ్మంటే తాతయ్య ఇవ్వలేదు. ఇవ్వకపోతే రోజూ అడుగుతుంది, అడిగితే రోజూ మాట్లాడొచ్చు! తాతయ్య సేకరణలో అదే మొదటిది.

ఇప్పుడా నాణెం మీద పడవ లేదు. నున్నటి రాగిబిళ్ళ మాత్రం ఉంది.

*

జాబితా అమ్మాయి అతనికి శిక్ష వేసింది. ఒక్కో నాణేనికీ ఒక్కో కాగితపు కవరు. దాని మీద నంబరు, బరువు, ఎక్కడిది, ఎవరిచ్చారు, అన్నీ అతనే రాయాలి. పొద్దున రెండు గంటలు రాసి, షాపుకి వెళ్ళేవాడు.

"మీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి," అంది రెండో రోజు.

"చీమలు కూడా వరసలోనే నడుస్తాయండీ."

"ఇవి నడవట్లేదు. పంచదార ఒలికినట్టు పరిగెడుతున్నాయి."

మూడో వారానికి అక్షరాలు బాగుపడ్డాయి. ఆమె తిట్టడం తగ్గించింది. అతనికి ఎందుకో అది నచ్చలేదు. ఒకరోజు కావాలనే రెండు కవర్ల మీద నంబర్లు తారుమారు చేశాడు. ఆమె కనిపెట్టి, కళ్ళెత్తి అతన్ని చూసి, పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. ఆ ఒక్క చూపుతో అతను సాయంత్రం దాకా హుషారుగా తిరిగాడు.

అద్దాల పెట్టెలు హాలుకి చేర్చిన రోజు వాన పట్టుకుంది. పాత రేకుల్లోంచి ధార మొదలైంది. ఇద్దరూ చెరో వైపు పట్టా పట్టుకుని పెట్టెల మీద గొడుగులా నిలబడ్డారు. ఆమె నుదుటి మీద జుట్టు తడిసి అతుక్కుపోయింది. ముక్కు చివర ఒక చినుకు వేలాడుతోంది. రాలుతుందా, లేదా?

"నన్ను కాదు, పట్టా చూడండి. మీ వైపు ఒంగుతోంది."

అతను గబుక్కున చేతులెత్తాడు. పట్టాలో నిలిచిన నీళ్ళన్నీ అతని నెత్తి మీదే పడ్డాయి. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి, మనసులో ఉన్నది అడిగేశాడు.

"జాబితాలో ఆ నలభై రెండూ తోమినవని రాయకుండా ఉండలేరా?"

నవ్వు ఆగిపోయింది. "ఉండలేను."

"తాతయ్యకి తెలిస్తే..."

"నేను చెప్పను. చెప్పాల్సింది మీరు. కానీ నా జాబితాలో అబద్ధం రాయను. రేపు ఎవరైనా అది చదివి నమ్ముతారు కదండీ."

అతను పట్టా అంచు మళ్ళీ పైకెత్తి పట్టుకున్నాడు.

*

ఆ తర్వాతి వారం ఆమె తన భూతద్దం మర ఊడిపోతే షాపుకి వచ్చింది. అతను లోపల అద్దాలు కోస్తున్నాడు. కౌంటర్లో అమ్మ ఉంది.

"చిన్న స్క్రూడ్రైవరు ఆ సొరుగులో ఉంటుంది, తీసుకోమ్మా," అంది.

సొరుగులో స్క్రూడ్రైవరు పక్కనే కొత్త కళ్ళజోడు ఉంది. పెట్టె మీద చీమల్లాంటి అక్షరాలతో 'తాతయ్య' అని, కింద తేదీ రాసుంది.

"అదా? మా నాన్నది," అంది అమ్మ తొంగిచూసి. "తేదీ చూస్తే తయారై ఎనిమిది రోజులైంది. నాకే చెప్పలేదా వీడు? లెన్సులు ఇంకా రాలేదని ఇంట్లో రోజూ చెప్తున్నాడే!"

ఆమె కళ్ళజోడు పట్టుకుని నేరుగా లోపలికి వెళ్ళింది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని అతనికి అనిపించింది.

"ఎనిమిది రోజుల్నుంచి ఆయన గోడలు తడుముకుంటూ నడుస్తున్నారు. నిన్న టీ కప్పు అనుకుని పెన్నుల డబ్బా ఎత్తారు. మీకు తిట్లు తప్పాలనా ఇదంతా?"

"తిట్లకి కాదు. ఆయన బాధపడతాడని..."

"ఆయన చూపు మీరు దాచుకునే వస్తువా?"

ఆమె కళ్ళజోడు అతని ముందు పెట్టి వెళ్ళిపోయింది. మరమ్మతు చేయించుకోకుండా భూతద్దం అక్కడే మరిచిపోయింది.

అతను మరో అయిదు నిమిషాలు కూడా ఆగలేదు. మెషీను ఆపి ఇంటికి పరిగెత్తాడు.

తాతయ్య రేడియో వింటున్నాడు. అతను కళ్ళజోడు తొడిగాడు. తాతయ్య రెప్పలు ఆర్పుతూ కిటికీ చూశాడు, క్యాలెండరు చూశాడు, మనవణ్ణి చూశాడు.

"ఒరేయ్, గడ్డం గీసుకోవట్లేదేంట్రా నువ్వు?"

"తాతయ్యా, అమ్మమ్మ నాణెం నేను తోమేశాను. పడవ పోయింది. నువ్వు చూస్తావని భయపడి ఈ కళ్ళజోడు కూడా దాచేశాను."

తాతయ్య రేడియో కట్టేశాడు. "తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"బొటనవేలు చెప్పింది. యాభై ఏళ్ళు తడిమిన బొమ్మరా అది. నువ్వు తోమిన మర్నాడే నున్నగా తగిలింది. పైగా ఇల్లంతా పాలిష్ కంపు."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"బాధేసింది. ఆ పూట భోజనం సయించలేదు. కడుపు బాగాలేదని మీ అమ్మకి చెప్పాను. తిడితే పడవ తిరిగొస్తుందా? నువ్వే చెప్తావులే అని కూర్చున్నాను. ఇన్నాళ్ళు పడుతుందనుకోలేదు." అతని తల మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు. "పడవ నా కళ్ళల్లో ఉందిరా. ఆ అమ్మాయిని పిలు. చెప్తాను, రాసుకుంటుంది."

అతను ఫోన్ చేస్తే అరగంటలో వచ్చింది. తాతయ్య చెప్తుంటే పెన్సిల్‌తో గీసింది.

"మూడు తెడ్లమ్మా. కాదు కాదు, ఇంకా పొట్టివి. తెరచాప కింద మూల చిన్న చిరుగుంటుంది. ఆఁ, అదీ! అదే!"

బొమ్మ కింద చీటీ రాయడానికి ఆమె చాలాసేపు ఆలోచించింది. చివరికి రాసి అతనికి అందించింది. 'ఈ నాణెం మీద పడవ ఉండేది. ప్రేమతో తోమడం వల్ల అరిగిపోయింది.'

"ప్రేమతో అని జాబితాలో రాయొచ్చా?" అని అడిగాడు అతను.

"నిజమైతే రాయొచ్చు," అంది, మొహం పక్కకి తిప్పుకుని పెన్సిల్ చెక్కుతూ.

*

మ్యూజియం తెరిచిన రోజు హాలు కిటకిటలాడింది. తాతయ్య ఒక్కో పెట్టె దగ్గరా నిలబడి కథలు చెప్తూనే ఉన్నాడు. ఒక ముసలావిడ ఒక నాణేన్ని చూసి, "ఇది నేనే ఇచ్చాను, కావాలనే ఇచ్చాను," అని ఒప్పేసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

జనం పలచబడ్డాక జాబితా అమ్మాయి సంచి భుజాన వేసుకుని మెట్ల మీదికి వచ్చింది. "సోమవారం నుంచి వేరే ఊళ్ళో పని. రైల్లో రెండు గంటలు. అక్కడొకాయన తపాలా బిళ్ళలు పోగేశాడట."

"ఆయనకి మనవడున్నాడా?" అన్నాడు అతను ఆత్రంగా.

"ఏం, ఉంటే?"

"ఏం లేదు." ఒక మెట్టు దిగాడు. మళ్ళీ ఎక్కాడు. "ఏం లేదని కాదు. ఉంది. మీరు వెళ్ళిపోతే నాకు బాగుండదు. అస్సలు బాగుండదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఏదీ పరీక్షగా చూడకుండా రాయనని మీకు తెలుసు కదా."

"చూడండి. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు చూడండి."

"ఆలోచించి చెప్తాను," అని వెళ్ళిపోయింది.

సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. బుధవారం అతను ఒకాయనకి దూరపు చూపు అద్దాలకి బదులు దగ్గరివి బిగించాడు. ఆయన గుమ్మం తట్టుకుని పడబోయాడు. గురువారం నాడు అమ్మ అతన్ని మెషీను ముట్టుకోనివ్వలేదు.

శనివారం సాయంత్రం ఆమె షాపులోకి వచ్చి పరీక్ష కుర్చీలో కూర్చుంది.

"కళ్ళు చూడాలి," అంది.

అతను ఆమె ఎడమకన్ను మూసి, గోడ మీది అక్షరాల పట్టిక చూపించాడు. "మూడో వరస చదవండి."

"సరే."

"చదవండి మరి."

"చదివాను. సరే."

"ఆ వరసలో 'స' లేదండీ. అక్కడున్నది..."

"వరసలో ఉన్నది కాదు. మీరు మెట్ల మీద అడిగారే, దానికి."

అతని చేతిలోని లెన్సు కిందపడి దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది. అతను దాని కోసం వంగాలో, నవ్వాలో, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

కౌంటర్లోంచి అమ్మ తల పైకెత్తకుండానే అంది. "ఒరేయ్, ముందు పిల్ల కళ్ళు చూడరా. పెళ్ళి మాటలు నేను వాళ్ళమ్మతో మాట్లాడతాను."

అతను చూశాడు. చాలాసేపు చూశాడు.

"చూపు బ్రహ్మాండంగా ఉందండీ. కళ్ళజోడు అక్కర్లేదు."

"తెలుసు," అందామె. "నేను దానికి రాలేదు."