డెరో గని దగ్గర గీసిన గీత

పొద్దుగూకాక డెరో గని పక్కనుంచి నడవొద్దని మా కార్న్‌వాల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

గని మూతపడి వందేళ్లు దాటింది. మిగిలింది నీళ్లు తోడే యంత్రం పెట్టిన ఇంజను ఇల్లు ఒక్కటే. దానికి పైకప్పు లేదు, కిటికీల్లేవు. పక్కనే అడుగు కనబడని గొయ్యి. అక్కడ వెనకనుంచి బట్టలు పట్టుకుని లాగేదొకటి ఉందని పేరు. చేపలమ్మే జాగో టోపీ అక్కడే పోయింది. సెలవులకొచ్చిన లండన్ దొర ఒకాయన ఒంటి బూటుతో తిరిగొచ్చాడు. రెండోది ఏదయ్యా అంటే... పెట్టె సర్దుకున్నాడు. పొద్దున్నే రైలెక్కేశాడు.

అలాంటి చోటు మీదుగా, పున్నమి రాత్రి, ఒంటరిగా బయల్దేరింది కెరెన్సా.

బేకరీలో రొట్టెలు చేసే ముప్పై నాలుగేళ్ల మనిషి. పిరికిది కాదు... అలాగని మహా ధైర్యవంతురాలూ కాదు. ఆ రాత్రి ఆమెకి దీక్ష. గని అవతల రాళ్లమిట్ట మీద ఐరిస్ బృందం ఆరుగురూ కాచుకుని ఉన్నారు. ఐరిస్ అంటే, పోస్టాఫీసులో స్టాంపులమ్మి రిటైరైన ఐరిసే. పగలు చూస్తే స్వెట్టర్లు అల్లుకునే ముసలమ్మ. పున్నమి వచ్చిందంటే మంత్రగత్తెల గుంపుకి పెద్ద.

మంత్రగత్తెలంటే పిల్లల్ని ఎత్తుకుపోయే బాపతు అనుకునేరు. వీళ్లు చంద్రుడికి దణ్ణం పెట్టి, ఓ కేకు తిని, కాస్త వైను తాగి ఇళ్లకు పోయే బాపతు. కానీ పనిముట్ల దగ్గర మాత్రం... అబ్బో, ఆ పట్టింపు చెప్పనలవి కాదు. పూజ చీపురు నేలకి తగలకూడదు. ఒకరి మంత్రదండం ఇంకొకరు ముట్టకూడదు. అన్నిటికంటే పెద్ద గొడవ నల్లపిడి కత్తితో. దాంతో గాల్లోనో నేలమీదో గీత గీయాలి, అంతే. దారప్పోగు కూడా కోయకూడదు. కోసిందా, ఇక అది వంటింటి కత్తే. కోతలకి తెల్లపిడి కత్తి వేరే ఉంది. అది ఐరిస్ దగ్గరే ఉంటుంది.

కొత్తగా చేరేవాళ్లు తమ నల్లపిడి కత్తిని ఏడాది మీద ఒక్కరోజు, కోత ఎరగకుండా కాపాడుకుని తేవాలి. అప్పుడే దీక్ష ఇచ్చి గుంపులో కలుపుకుంటారు.

కెరెన్సా పోయినసారి మూడొందల అరవై రెండు రోజులు కాపాడింది. ఆ మర్నాడు బేకరీలో జనం ఎగబడేసరికి, చేతికి దొరికిందే చాలని దాంతో కుంకుమపువ్వు రొట్టె కోసేసింది. ఐరిస్ మళ్లీ మొదట్నించి లెక్కపెట్టించింది.

"ఈసారి కూడా పాడుచేశావో, ఇంక నన్నడక్కు పిల్లా," అంది. "నీకు రొట్టెలే రాసిపెట్టి ఉన్నాయనుకో."

ఆ మాట కెరెన్సాకి గట్టిగా గుచ్చుకుంది. రెండేళ్లుగా ఆమె కోరుకున్నదల్లా పూజకి వాళ్లు గీసుకునే వలయంలో తనవాళ్ల మధ్య నిలబడాలనే.

అందుకే ఆ రాత్రి కత్తిని పట్టుగుడ్డలో చుట్టి గుండెలకి హత్తుకుని నడుస్తోంది. మోచేతికి కేకుల బుట్ట. కాళ్లకి రబ్బరు బూట్లు. ఒంటిమీద నల్ల అంగీ... అంగీ కింద, వాళ్ల రివాజు ప్రకారం, ఇంకేమీ లేదు.

ఇంజను ఇల్లు రానే వచ్చింది.

చంద్రుడికి మబ్బు అడ్డం పడింది. గాలి ఆగిపోయింది. నాలుగడుగులు వేసింది... ఐదో అడుగు పడలేదు.

వెనకనుంచి ఎవరో అంగీ పట్టుకున్నారు.

"ఎ... ఎవరది?"

మెల్లిగా ముందుకి లాగి చూసింది. పట్టు వదల్లేదు... ఇంకా బిగిసింది. వెనక్కి తిరిగి చూద్దామంటే మెడ మాట వినడం లేదు.

చేయి దానంతటదే కత్తి పిడి మీదికి పోయింది. ఒక్క కోత చాలు. అంగీ కొస తెగుతుంది, పరుగో పరుగు. కత్తి బయటికి తీసింది కూడా. అంతలో ఐరిస్ మాట చెవిలో పడ్డట్టయింది — రొట్టెలే రాసిపెట్టి ఉన్నాయి.

"చంపినా కోయను," అని గొణిగింది. దెయ్యంతోనో, తనతోనో ఆమెకే తెలీదు.

మరేం చెయ్యాలి? భయం వేస్తే చుట్టూ గీత గీసుకోమని ఐరిస్ నేర్పింది కదా. గీత దాటి లోపలికి ఏదీ రావడానికి లేదు. సరే... కత్తి మొన నేలకి చూపించి, కుడివైపుగా, అంగుళం అంగుళం తిరుగుతూ గీయడం మొదలెట్టింది. ఆమె తిరుగుతుంటే వెనకున్నదీ ఆమెతోపాటే తిరుగుతోంది. అంగీ మెలికలు పడి ఒంటికి బిగుసుకుంటోంది. ఎలాగో గీతకి గీత కలిపింది.

హమ్మయ్య అనుకుని ఒక్కడుగు వేసింది.

వెనకనుంచి లాగింది.

అప్పుడు వెలిగింది ఆమెకి. బయటిది లోపలికి రావడానికి లేదు, నిజమే. లోపలిది బయటికెలా పోతుంది? దెయ్యాన్ని లోపలేసుకుని తనే గడియ పెట్టుకుంది.

భయంతో నవ్వొచ్చేసింది. ఆపుకుందామన్నా ఆగదు. నవ్వుతూనే మెడ దగ్గర గుండీలు విప్పింది. అంగీలోంచి మెల్లిగా కిందికి జారింది. వలయం దాటాలంటే అదే పద్ధతని, కత్తితో గాల్లో తలుపు గీసింది. గాలిని కోస్తే కోసినట్టు కాదులెండి, ఆ సంగతి ఐరిస్ ఎప్పుడో తేల్చేసింది.

"మీరు... మీరు కూర్చోండి," అని గుసగుసలాడి, బయటికి దూకి, తలుపు మళ్లీ మూసేసి — లగెత్తింది.

రాళ్లమిట్ట మీద ఆరుగురూ చూశారు. రబ్బరు బూట్లు, కేకుల బుట్ట, కత్తి... తక్కినదంతా వెన్నెలే. వాళ్లలో కసాయి కొట్టు నడిపే డిగరీ గట్టిగా కళ్లు మూసుకుని తన కోటు విప్పి చేయి చాపాడు.

"కత్తి దేన్నయినా కోసిందా?" అదీ ఐరిస్ మొదటి మాట.

"లేదు ఐరిస్ గారూ..." రొప్పుతూ జరిగిందంతా చెప్పింది.

"మరి గీసిన గీత చెరిపొచ్చావా?"

"లేదండీ," అంటూ కెరెన్సా కోటు గుండీలు పెట్టుకుంది.

"వలయం గీసి వదిలేసి వస్తారటే ఎవరైనా? అదేమన్నా బేకరీ షట్టరా?"

"లోపల దెయ్యం ఉందండీ."

"ఉంటే మరీ తప్పు. పాపం, దాన్ని బంధించి వచ్చావన్నమాట. పదండి."

లాంతర్లు పట్టుకుని ఏడుగురూ వెళ్లారు. చూస్తే... పెద్ద ముళ్లకంప, దానికి వేలాడుతూ నల్ల అంగీ.

"నీ దెయ్యానికి పళ్లు కాసేలా ఉన్నాయే కెరెన్సా," అన్నాడు డిగరీ. ఇక చూస్కోండి నవ్వులు. ఐరిస్ కూడా నడుం పట్టుకుని నవ్వింది.

"వలయం ఎలాగూ ఉంది. దీక్ష ఇక్కడే కానిచ్చేద్దాం," అంటూ తన కత్తితో తలుపు గీసి తెరిచింది. ఆరుగురూ లోపలికెళ్లారు. కెరెన్సా కళ్లకి గంతలు, చేతులకి తాడు. కొత్తగా చేరేవాళ్లు తమంతట తాము లోపలికి నడవకూడదు. పాతవాళ్లలో ఒకరు బయటికొచ్చి వెనకనుంచి లోపలికి తోయాలి. అది డిగరీ పని.

"భయముందా?" ఐరిస్ గుమ్మంలోంచి అడిగింది.

"ఉంది," అంది కెరెన్సా. "కానీ కోయలేదు."

అప్పుడు... వీపు మీద రెండు చేతులు ఆనాయి. చల్లగా, మెత్తగా... లోపలికి తోశాయి.

ఉప్పునీళ్లు చల్లారు, ధూపం వేశారు, కట్లు విప్పారు. ఐరిస్ ఆమె నుదుటి మీద ముద్దుపెట్టింది. కెరెన్సా భోరున ఏడ్చేసింది. జన్మలో అంత సంతోషం ఎరగదు.

కేకులు పంచుతూ, "మెల్లిగా తోశావు, థాంక్స్ డిగరీ బాబాయ్," అంది. "చేతులు మాత్రం మంచుముక్కలు."

డిగరీ నమలడం ఆపేశాడు.

"నేనెక్కడ తోశానే? ఇక్కడే నీ అంగీ ముళ్లలోంచి విడదీస్తున్నా. నేనొచ్చేలోగా నువ్వే వచ్చేశావనుకున్నా."

అందరూ ఐరిస్ వైపు చూశారు.

"అప్పుడు కెరెన్సా వెనక ఎవరో ఉన్నారు," అంది ఐరిస్ నెమ్మదిగా. "చీకట్లో నువ్వేననుకున్నాను డిగరీ. కానీ... నీకంటే పొట్టి."

తలుపు తీసినప్పుడు ఆరుగురు లోపలికెళ్లారు సరే, బయటికి వెళ్లిందెవరో ఎవరూ చూడలేదు.

"అయితే... నా దీక్ష చెల్లదా?" అని అడిగింది కెరెన్సా.

ఐరిస్ ఆలోచించింది. నలభై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, పద్ధతి పద్ధతే. "తోసినవాళ్లు ఎవరైనా తోశారు కదా. చెల్లుతుంది," అని దీక్షల పుస్తకం తెరిచింది. "కాకపోతే పేరు రాయాలి."

కలం తీసి, ఇంజను ఇంటి చీకటివైపు తిరిగి, మర్యాదగా అడిగింది.

"పేరు చెప్పండి?"

గోడ వెనక ఎవరో... గొంతు సవరించుకున్నారు.

పేరు వినడానికి ఒక్కరూ ఆగలేదు. లాంతర్లు అక్కడే, కేకులు అక్కడే. కత్తితో తలుపు గీయందే వలయం దాటకూడదని ఇరవై ఏళ్లుగా అందరి చెవులూ మెలేసి నేర్పింది ఐరిస్. ఆ రాత్రి తలుపు గీయకుండా గీత దాటిన ఏడుగురిలోనూ అందరికంటే ముందున్నది ఐరిసే.