పగటి దివిటీ

నల్లమెట్ట దుర్గము చుట్టును శత్రువుల గుడారములు చాకిరేవున ఆరవేసిన బట్టల వలె కనుచూపు మేర పరచుకొని యుండెను. భేరీల మోత, ఏనుగుల ఘీంకారములు కలిసి కోటగోడలను కుదుపుచుండెను. ఈ కథకుడు కోడిపందెము తప్ప వేరు యుద్ధమెరుగనివాడు గనుక, ఆ వర్ణన ఇంతటితో చాలించి లోనికి వచ్చుటయే క్షేమము.

లోపల మల్లభూపతి ఏలుబడి. ఆ రాజ్యమున తాతలనాటి ఆచారమొకటి కలదు. అన్యాయమునకు లోనైనవారెవరైనను పట్టపగలు వెలుగుచున్న దివిటీ చేతబూని రాజనగరి వాకిట నిలిచినచో, రాజు విస్తరి ముందునుండియైనను లేచివచ్చి, "ఏమి చీకటి?" అని అడుగవలెను. ముట్టడి మొదలుకాగానే మహామంత్రి అయ్యలార్యుడు, నూనె యుద్ధమునకు కావలెనని పగటి దివిటీలను నిషేధించెను. ఆచారమును రద్దు చేయలేదు సుమండీ, నూనెను మాత్రమే ఆపెను.

అప్పటికి తాళ్ళు పేనే బొల్లయ్య చెరలో నుండెను. కోటగోడ మీదినుండి శత్రువులకు తాడు జారవిడిచెనని నేరము. మరునాటి ఉదయమున శూలమెక్కించు కొరతశిక్ష. నిజమునకు ఆ తాడు, బయటికి పోయిన వేగులవానిని లోనికి లాగుటకై దండనాయకుడు బొప్పన వేయించినది. మంత్రికి ఆ సంగతి తెలియును. తెలిసియే పట్టించెను, బొప్పన మనుషులు ఒక్కొక్కరే ద్రోహులని తేలినచో, తుదకు బొప్పన తేలకపోడు కదా.

బొల్లయ్య భార్య సిరియమ్మ బురుజు మెట్లపై దండనాయకుని అడ్డగించెను.

"తాడు వెయ్యమన్నది తమరే గదా దొరా. ఆ ముక్క రాజుగారి చెవిన వెయ్యరాదా?"

"మంత్రితో చెప్పితిని తల్లీ. మొరయే లేనిచోట సాక్ష్యమెక్కడిదన్నాడు."

"మొరకి దివిటీ కావాలి. దివిటీ ముట్టిస్తే చెయ్యి నరుకుతారు. నరికారని మొర పెట్టుకోడానికి రెండో చేత్తో ఇంకో దివిటీ పట్టుకోవాలి. తమరు పెద్దవారు, దీనికేదో దారి ఉండే ఉంటుంది, చెప్పండి."

బొప్పన నవ్వబోయి నవ్వలేకపోయెను. "ఉన్నది. ఈ ముట్టడిలో నా చేయి నరుకుట మంత్రికి కుదరదు" అని, శత్రువుల నెత్తిన పోయుటకు కాచుచున్న నూనెలో గుడ్డ ముంచి, ఈటెకు చుట్టి, వెలిగించి, నగరివైపు నడిచెను.

బురుజుల మీది బంట్లు చూచిరి. దండనాయకుడే దివిటీ పట్టిన పిమ్మట ఇక నిషేధమెక్కడిది? పొలము పోయినవాడు, అన్న చెరలో పడి ఏమయ్యెనో తెలియనివాడు, ఇల్లు మంత్రి మరిది గుర్రపుశాలగా మారినవాడు, అందరును ఈటెలకు గుడ్డలు చుట్టుకొని దిగివచ్చిరి. మొర లేనివాడొక్కడును ఆ సైన్యమున లేకపోయెను.

మల్లభూపతి మేడమీదికి వచ్చెను. "ఇంత వెలుగేమి, అయ్యలార్యా?"

"విజయోత్సవము ప్రభూ."

"గెలిచితిమా?"

"గెలువబోవుచున్నాము."

అంతట బొప్పన గొంతెత్తెను. "ఇది ఉత్సవము కాదు ప్రభూ, చీకటి. తాడు వేయించినది నేను; కొరత వేయవలసినచో ముందు నన్ను వేయుడు. తమ గోడలను కాచుటకు ఇందరు కావలసివచ్చిరి, వీరి మాట వినుటకు ఒక్క చెవియు దొరకదాయెను. ముందు వినుడు, పిదప చంపుడు."

రాజు తలవంచుకొని మెట్లు దిగివచ్చి, "ఏమి చీకటి?" అని అడిగెను. అందరును ఒక్కసారిగా చెప్పసాగిరి. అప్పుడు గాని బొప్పన వెనుదిరిగి చూడలేదు.

"గోడ మీద ఎవరున్నారురా?"

"అందరం ఇక్కడే ఉన్నాం దొరా."

"పొండి. మీ మొరలు రేపు వింటారు."

"ఆ రేపు మా నాయన కూడా విన్నాడు దొరా" అనెనొక ముసలి బంటు. ఒక్కడును కదలలేదు.

శత్రువుల నిచ్చెనలు గోడకు చేరినవి. బొప్పన ఒంటరిగా పరుగెత్తి, కోటవాకిట అడ్డము నిలిచి, అక్కడనే కూలెను. రాజు వినుచు వినుచునే పట్టుబడెను. అయ్యలార్యుడు పూలదండతో ఎదురేగి గెలిచినవానికి స్వాగతము పలికెను.

సాయంకాలము ఆ కొత్త ప్రభువు చెరసాల తెరిపించి, బొల్లయ్యను చూచి, "నీ నేరమేమి?" అని అడిగెను.

"నన్ను అడిగింది తమరే మొదలు ప్రభూ" అని బొల్లయ్య చేతులు జోడించెను. వాకిట నిలిచిన సిరియమ్మయు జోడించెను.

అయ్యలార్యుడు ముందుకు వచ్చి, జీవితమున తొలిసారిగా నిజము పలికెను. "తమ సేనను వేగు చూచినవానికి తాడు అందించినవాడు ప్రభూ."

"శిక్ష ఎప్పటికి?"

"రేపు ఉదయమునకు నిర్ణయమైనది."

"అయితే మార్చనక్కరలేదు" అని కొత్త ప్రభువు పక్క ఖైదీ గదికి నడిచెను.