ఆరు సిలిండర్ల చప్పుడు

వెర్న్ స్లోకమ్ కారు నా షెడ్డుకు వచ్చింది ఒక మంగళవారం మధ్యాహ్నం. మిషిగన్‌లో జనవరి అంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది, ఊరంతా మంచు. ఇరవయ్యారేళ్ళు టార్పాలిన్ కింద పడున్న ఆ కారును వెర్న్ వాళ్ళమ్మ హేజెల్ ట్రక్కు మీద వేయించుకుని తెచ్చింది. నుజ్జయిన ఇంజిన్‌ని ఆ రోజుల్లోనే పీకేశారు. బోనెట్ ఎత్తితే కింద సిమెంటు నేల కనబడుతోంది.

"దీనికి చిన్న ఇంజిన్ పెట్టు ఎల్డన్. ఆనాడు నేనడిగిందే," అంది.

తల ఊపాను. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

1967లో నేను మా ఊరి కార్ల షోరూమ్‌లో సేల్స్‌మన్‌ని. ఇరవయ్యేళ్ళ కుర్రకుంకని. వెర్న్ నా ప్రాణస్నేహితుడు. ఆర్డరు ఫారం మీద ఇంజిన్లకు మూడు గళ్ళుండేవి. హేజెల్ ఆరు సిలిండర్ల గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది. వెర్న్ కూడా సరేనన్నాడు, వాడికి వేగమంటే భయం. "అది కారురా, కుట్టుమిషనా?" అని వాణ్ణి ఏడిపించాను. వాళ్ళు వెళ్ళాక ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, అన్నిటికంటే పెద్దది, ఎనిమిది సిలిండర్లది రాయించాను. కారొచ్చాక "ఫ్యాక్టరీ వాళ్ళ పొరపాటు, ఆంటీ" అన్నాను. పద్దెనిమిదో రోజున ఆ కారు వంతెన గోడను గుద్దింది. వెర్న్ శవపేటిక మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అంత సిగ్గులేని భుజం నాది.

"వెనక సీటు స్ప్రింగుల్లో ఫ్యాక్టరీ కాగితం ఉంటుందటగా? ఏ ఇంజిన్ ఎవరడిగారో అందులో రాస్తారట. వెతుకు నాయనా. ఆ రోజు నాకు కళ్ళజోడు లేదు. టిక్కు నేనే తప్పు పెట్టానేమో... అదొక్కటి తేలితే చాలు," అంది హేజెల్. కాఫీ తాగొస్తానని ఎదురుగా ఉన్న హోటల్‌కి వెళ్ళింది.

ఫ్యాక్టరీలో పని ముగించినవాళ్ళు ఆ కాగితాన్ని సీట్లో దూర్చేయడం నిజమే. పాత కార్లు బాగుచేసే మేమందరం ముందు వెతికేది దాన్నే. సీటు ఎత్తాను. స్ప్రింగుల మధ్య పసుపుపచ్చగా మడిచి ఉంది. ఇంజిన్ గడిలో సగం చెరిగిన అక్షరాలు. *మార్పు, ఫోన్ మీద. ఎల్డన్ ప్రూయిట్.*

ఆవిడను నిర్దోషి అని చెప్పే కాగితం ప్రపంచంలో అదొక్కటే. తీసి, చలికని షెడ్డు మూల వెలిగించుకున్న పొయ్యిలో పడేశాను.

కాగితం నల్లబడి ముడుచుకుంది. షెడ్డులో పాత పెట్రోలు వాసన వేసింది. ఆ కారు ట్యాంకు ఎప్పుడో ఎండిపోయింది మరి. తర్వాత వెనక నుంచి సన్నగా, మెత్తగా... టకటకటక. ఆరు సిలిండర్లు.

తిరిగి చూశాను. బోనెట్ తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు. సిమెంటు నేల. చప్పుడు మాత్రం అక్కడి నుంచే.

తలుపు తోసుకుని హేజెల్ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అప్పుడే పెట్టేశావా! ఇదే నేనడిగింది... కాగితం దొరికిందా?"

"లేదు ఆంటీ."

చప్పుడు మారింది. లోతుగా. బరువుగా. ఎనిమిది సిలిండర్లు... గోడన వేలాడే పానాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఆవిడ చేతిలో కాఫీ ఒలికింది.

"సరిగ్గా వెతికావా?"

"ఏమీ లేదు..."

మోత రెట్టింపయింది. పళ్ళు అదిరాయి. ఆవిడ చెవులు మూసుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు నేను పెట్టించిందే. ఇరవయ్యారేళ్ళుగా.

"నేనే!" అని అరిచాను. "టిక్కు మీరు సరిగ్గానే పెట్టారు. మీరు వెళ్ళాక నేను మార్పించాను. కాగితం ఇప్పుడే తగలబెట్టాను..."

చప్పుడు ఆగిపోయింది.

హేజెల్ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొట్టినా బాగుండేది. డ్రైవరు కిటికీ దగ్గరికెళ్ళి వంగి, బడి నుంచి వచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది.

"విన్నావుగా నాన్నా? నేను కాదు. ఇక రోజూ సాయంత్రం వంటింట్లోకొచ్చి నన్ను అడక్కు. వీడి దగ్గరుండు."

కోటు సర్దుకుని వెళ్ళిపోయింది. వయసు తగ్గినట్టు చకచకా నడిచింది.

నేను కదల్లేకపోయాను. పక్క సీటు తలుపు టక్కుమని తెరుచుకుంది. నేనెక్కలేదు. ఒట్టు, కాలు కూడా కదపలేదు. అయినా నేనే ఎక్కి కూర్చున్నట్టు ఆ సీటు మెల్లగా కిందికి కుంగింది... తలుపు మూసుకుంది.

ఆ రాత్రి నుంచి నేను పడుకుంటే పరుపు మీద గుంట పడటం లేదు.