భవిష్యత్కాలంలో ఒక వాక్యం

"మై రోటీ ఖాయా," అన్నాడు దామోదరం ధైర్యంగా.

ముందు వరసలో వనజాక్షి ఫక్కున నవ్వింది. తిరుపతిలో ఆ సాయంత్రం హిందీ క్లాసుకు అతను రావడం అదే మొదలు.

"మైనే రోటీ ఖాయీ అనాల," అంది వెనక్కి తిరిగి. "భూతకాలంలో క్రియ రొట్టెను బట్టి మారతాది. రొట్టె ఆడది."

"తినింది నేను. క్రియ రొట్టె పక్కకు పోయిందా? ఇదేం న్యాయం?"

పంతులుగారు నవ్వుకుని, కాలాలు వల్లెవేయమని ఇద్దర్నీ జతచేశారు.

దామోదరం లాడ్జిలో గుమాస్తా. ఉత్తరాది యాత్రికులతో మాట్లాడాలంటే హిందీ కావాలి. వనజాక్షిది నగరిలో మగ్గాల ఇల్లు. తిరుపతిలో పెద్దమ్మ ఇంట్లో ఉండి హిందీ పరీక్షకు చదువుతోంది. క్లాసయ్యాక బస్టాండు దాకా పాఠం నడిచేది.

"మై ఆతా హూఁ అంటే?" అడిగేది వనజాక్షి.

"వస్తా."

"మై ఆవూఁగా అంటే?"

"అదీ వస్తానే."

"రెండూ ఒకటెట్లయితాయి?"

"తెలుగులో ఒకటే గదా. రోజూ వస్తా. రేపూ వస్తా."

ఆ మాట ఆమెను ఇంటిదాకా వదల్లేదు. కొండ మీద మబ్బు దిగుతుంటే వీధిదీపాలన్నీ మెత్తగా తడిసినట్టు కనిపించాయి.

వానలు మొదలైనాక ఒకరోజు వనజాక్షి నాయన ఏకాంబరం క్లాసు దగ్గరికే వచ్చాడు. పూతలపట్టు నుంచి సంబంధం వచ్చిందట, ఆమెను నగరికి పిల్చుకుపోవాలట. బయట వాన పట్టుకుంది. ముగ్గురూ వసారాలో నిలబడ్డారు. వనజాక్షి దామోదరానికి మెల్లగా సంగతి చెప్పింది.

దామోదరం ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

"ఒక వాక్యం చెప్తా. తప్పుంటే దిద్దు," అన్నాడు. "మై తుమ్‌సే షాదీ కరూఁగా."

తప్పు లేదు. ఆమె గాజులు సర్దుకుంది.

"ఏమంటాండాడమ్మా ఆ అబ్బాయి?" అడిగాడు నాయన.

పాఠం అప్పజెప్తాండాడని అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నన్ను పెండ్లి చేసుకుంటాడంట నాయనా."

ఏకాంబరం కూతురి మొహంలోకి చూశాడు.

"నువ్వేమంటావు?"

"నాకూ ఇష్టమే."

ఏకాంబరం కండువాతో మొహం తుడుచుకుని దామోదరం వైపు తిరిగాడు. "నాకు హిందీ రాదప్పా. తెలుగులో చెప్పు."

దామోదరం చేతులు కట్టుకున్నాడు. పుట్టినప్పట్నుంచీ మాట్లాడే భాషలో మాటలు వెతుక్కున్నాడు. "మీ పాపను నాకియ్యండి... కండ్లల్లో పెట్టుకుని చూసుకుంటా."

"ఇంట్లో ఎవరుండారు?"

"అమ్మ ఒక్కతే."

"ఆమెను పిల్చుకోని నగరికి రా. పూతలపట్టు వాళ్లకు నేను చెప్పుకుంటాలే."

వాన తగ్గలేదు. ఏకాంబరం కండువా తలకు చుట్టుకుని, చేతిలోని గొడుగు కూతురికిచ్చి, తను ముందు నడిచాడు.